ముప్పయ్యో నంబరు రోడ్డు మీద గంజాయి న్యాయం

జాతీయ రహదారి 30 ఉత్తరాఖండ్‌లో సితార్‌గంజ్ దగ్గర పుట్టి, మన విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. మధ్యలో సుమారు 2 వేల కిలోమీటర్లు. దీన్ని ఏ ఉద్దేశంతో వేశారో గానీ, మన దేశంలో చట్టం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనుకునే న్యాయశాస్త్ర విద్యార్థికి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. ఒక్క గంజాయి మొక్కను చేతపట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి వస్తే చాలు. చేతపట్టుకుని రావడం మాత్రం ఊహలోనే సుమా, నిజంగా పట్టుకుంటే ఈ వ్యాసం జగదల్‌పూర్ జైల్లో చదువుకోవాల్సి వస్తుంది.

రోడ్డు పుట్టిన రాష్ట్రంలో అది పారిశ్రామిక పంట. 2018లో ఉత్తరాఖండ్ ప్రభుత్వం పౌడీ గఢ్వాల్‌లో దాని సాగుకు లైసెన్సు ఇచ్చింది. నారకు, నూనెకు, బట్టకు, మందుకు అన్నిటికీ పనికొస్తుందని ఉపన్యాసాలిచ్చారు. అక్కడ దాన్ని హెంప్ అంటారు. కొద్దిగా కిందికి దిగి ఉత్తరప్రదేశ్‌లోకి వస్తే అది ప్రసాదం. బరేలీ, లక్నో, ప్రయాగ్‌రాజ్ ఇవన్నీ ఈ రోడ్డు మీదివే. ఈ రాష్ట్రంలో భంగు దుకాణానికి సర్కారే లైసెన్సిస్తుంది. హోళీకి, శివరాత్రికి అక్కడ గిరాకీ ఎక్కువ. ఎలాగంటారా? 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ప్రకారం గంజాయి అంటే పూతకంకులు మాత్రమే. కంకితో కలిసి లేని ఆకులూ గింజలూ ఆ లెక్కలోకి రావు. కాబట్టి ఆకు నూరుకుని తాగితే శివభక్తి, అదే కొమ్మకు నాలుగంగుళాల పైనున్న పువ్వు జేబులో ఉంటే నేరం. ఒకే మొక్కను ఇలా నడుముకు పైన, నడుముకు కింద అని చీల్చిన చట్టాన్ని రాసినవాళ్ళు ఆ రోజు ఏం సేవించి కూర్చున్నారో విచారణ జరగవలసి ఉంది.

ఇంకా దిగుదాం. జబల్‌పూర్, రాయపూర్, ధమ్‌తరీ, కాంకేర్. కేశ్‌కాల్ ఘాట్ మలుపులెక్కితే బస్తర్. ఇక్కడికొచ్చేసరికి అదే మొక్క దేశద్రోహి. ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి కొండల నుంచి వచ్చే బస్తాలు నగర్‌నార్ మీదుగా జగదల్‌పూర్ చేరి, ఈ రోడ్డెక్కి ఉత్తరానికి పోతాయి. 20 కిలోలు దాటిందంటే పదేళ్ళకు తగ్గకుండా ఇరవయ్యేళ్ళ దాకా శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, బెయిలు దాదాపు కల్ల. గమ్మత్తేమిటంటే సరుకు ప్రయాణించేది శిక్షలున్న చోటి నుంచి లైసెన్సులున్న వైపుకు. మొక్కకు కూడా ఎటు పోతే గౌరవం దొరుకుతుందో తెలిసినట్టుంది.

పట్టుబడేదెవరు? డ్రైవరు, క్లీనరు, బస్సు సీటు కింద సంచీ పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న కుర్రాడు. కొండమీద రైతుకు ముందే అడ్వాన్సిచ్చి పంట వేయించిన సేటు ఏ నగరంలో, ఏ అంతస్తులో కూర్చున్నాడో ఆ కుర్రాడికి తెలియదు. పోలీసులకు తెలిసినా ప్రెస్‌మీట్‌లో బల్ల వెనక నిలబెట్టి ఫోటో తీయించడానికి ఆయన తీరిగ్గా దొరకడు. అసలు బస్తర్ ఆదివాసీకి ఈ పువ్వుతో పనే తక్కువ. అతనికి కావలసినంత మత్తు ఇప్పచెట్టు ఎండాకాలంలో రాలుస్తుంది, జీలుగుచెట్టు కుండలోకి దించుతుంది. అతని అడవి మీదుగా పోతున్న రోడ్డు ఒక్కటే అతని పాపం.

నేను చెప్పదలుచుకున్నది మాత్రం రవాణా గురించి కాదు, మంట గురించి.

ఈ దేశంలో దేశవాళీ గంజాయి రకాల మీద జనానికి అందుబాటులో ఉన్న కేటలాగు ఒక్కటే. అది పోలీసుల ప్రెస్‌నోటు. 'శీలావతి రకం, మేలైనది, మార్కెట్లో దీనికి డిమాండు ఎక్కువ' అని ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయం బులెటిన్‌లోనూ చదవలేదు, స్టేషను ముందు షామియానా కింద పరిచిన ప్యాకెట్ల ఫోటో కింద చదివాను. కిలోకు ఎక్కడ ఎంత పలుకుతుందో కూడా రాస్తారు పాపం, కొనదలుచుకున్నవాళ్ళు మోసపోకుండా. కిలోలుంటాయి, ఎకరాలుంటాయి, కోట్లుంటాయి. ఏ ఊరి విత్తనం, ఎంత ఎత్తున పెరిగింది, ఎన్ని రోజులకు పూతకొచ్చింది, తెగులు తగిలిందా లేదా, ఇవేవీ ఉండవు. పక్కనున్న డబ్బాలో కిరోసిన్ మాత్రం ఉంటుంది.

2022 ఫిబ్రవరిలో మన అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట కుప్పపోసి తగలబెట్టారు. 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల్లో పంట నరికేశారు. దేశంలోనే ఇంత పెద్ద మంట లేదని పత్రికలు ఘనంగా రాశాయి. నిజమే, మంటల విషయంలో మనకు పోటీ లేదు. నలందా మంటలో ఏ పుస్తకాలు పోయాయో కనీసం విదేశీ యాత్రికుల రాతలు చూసి ఊహించుకుంటాం. కోడూరు మంటలో ఏం పోయిందో ఊహించుకోవడానికి ఒక్క యాత్రికుడు కూడా లేడు.

మథుర పోలీసులు కాస్త నయం. 2022లోనే, స్టేషన్ల గోదాముల్లో దాచిన 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని కోర్టుకు విన్నవించుకున్నారు. అంటే స్వదేశీ గంజాయి రకాల మీద ప్రభుత్వ ఆవరణలో నిరాటంకంగా పరిశోధన సాగిస్తున్న ఏకైక బృందం ఎలుకలదే. ఫలితాలు ప్రచురించలేదు గానీ, శ్రద్ధను శంకించలేం. మిగతా దేశం చేస్తున్నది ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది.

ఇంతకీ ఆ మంటలో ఏముంది? నాటు రకం ఉంది. ఏ శాస్త్రవేత్తా తయారుచెయ్యకుండా, ఒకే నేలలో తరాల తరబడి విత్తుకుంటూ, ఆ వానకూ ఆ పురుగుకూ ఆ పగటి పొడవుకూ ఇమిడిపోయిన రకం. గంజాయిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. పుప్పొడి గాలికి కొట్టుకుపోతుంది. అందువల్ల ఒకే చేలో రెండు మొక్కలు అచ్చంగా ఒకటి కావు. ఒకటి కాస్త ముందు పూస్తుంది, ఒకటి బూజును తట్టుకుంటుంది, ఒకదానిలో మత్తు తక్కువ, మరొకదానిలో నార గట్టి. కొత్త రకం పుట్టించాలనుకునేవాడికి ఈ తేడాలే పెట్టుబడి. తేడాలు లేని చేను కంపెనీ గోదాములో బాగుంటుంది, బ్రీడరుకు మాత్రం పనికిరాదు.

ఈ సంగతి మనకు తెలియకపోయినా కాలిఫోర్నియా కుర్రాళ్ళకు 1970లలోనే తెలిసింది. అఫ్గానిస్తాన్ పొట్టి మొక్కను, మెక్సికో, కొలంబియాల పొడుగు మొక్కలను కలిపి స్కంక్ నంబర్ వన్ అనే రకం తీశారు. పొట్టిగా పెరుగుతుంది, తొందరగా పూస్తుంది, గదిలో దీపం కింద కూడా బతుకుతుంది. 1980లలో ఆ గింజలు నెదర్లాండ్స్ చేరి విత్తన కంపెనీల పెట్టుబడి అయ్యాయి. 1990లలో ఆమ్‌స్టర్‌డామ్‌ను ఊపేసిన వైట్ విడో అనే రకానికి తండ్రి దక్షిణ భారతం వాడని, కేరళ కొండల గింజ అని, ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళే గొప్పగా చెప్పుకుంటారు. హేజ్ అనే మరో పేరుమోసిన రకం వంశవృక్షంలో కూడా దక్షిణ భారతం పేరు చెప్తారు. మనవాడు అక్కడ బహుమతులు తెచ్చుకుంటుంటే, ఇక్కడ మనం ఇడుక్కిలో వాడి తల్లిదండ్రుల కొంప మీద దాడి చేస్తున్నాం. ప్రవాస భారతీయులను చూసి మురిసిపోయే జాతికి ఈ ఒక్క ప్రవాసి కనబడకపోవడం వింత.

ఇప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చే ప్రయాణికుల పెట్టెల్లో హైడ్రోపోనిక్ గంజాయి పట్టుకుంటున్నారు. ధర చూస్తే నాటు సరుకుకు ఎన్నో రెట్లు, మత్తు కూడా అంతే. దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే తాతముత్తాతల్లో మనవాడొకడు తగిలినా ఆశ్చర్యం లేదు. పల్లెటూరివాడుగా పోయాడు, ఫారిన్ రిటర్న్‌గా వచ్చాడు, కస్టమ్స్ వాళ్ళ చేతికి చిక్కాడు.

ఇక మన పాత దొరల సంగతి. వాళ్ళను పొగడాలని లేదు గానీ, పనిచేసినచోట చేశారనాలి. 1893-94లో భారత గంజాయి విచారణ సంఘాన్ని వేశారు. బస్తర్ అప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఒక సంస్థానం. ఆ ప్రావిన్సెస్‌లో గంజాయి సాగు నిమాడ్ జిల్లా ఖండ్వా ప్రాంతంలో సర్కారు కనుసన్నల్లో జరిగేది. ఆ సంఘం 1,193 మంది సాక్షులను విచారించి, ఏడు సంపుటాలు రాసి, మితంగా వాడితే పెద్ద హాని లేదని, నిషేధించడం కంటే పన్ను వేసి అదుపులో పెట్టడం మేలని తేల్చింది. పన్ను మీదున్న ప్రేమే అందులో ముప్పాతిక అనుకోండి. కానీ ఆ సంపుటాల్లో తూర్పు బెంగాల్ నౌగావ్‌లోని పొద్దార్ కనబడతాడు. గంజాయి డాక్టరని మర్యాదగా పిలిచేవారు. చేలో తిరుగుతూ, పూత పూర్తిగా విప్పుకోకముందే మగమొక్కను గుర్తుపట్టి పీకించేసేవాడు. లేకపోతే ఆడమొక్క గింజకట్టి సరుకు చెడుతుంది. ఈ విద్యనే దశాబ్దాల తర్వాత కాలిఫోర్నియాలో స్పానిష్ పేరు పెట్టి కొత్త టెక్నిక్ అన్నారు. మన పొద్దార్‌కు డిగ్రీ లేదు, పేపరు లేదు, పేటెంటూ లేదు. ఇవాళ బతికుంటే ఎఫ్ఐఆర్ ఒక్కటుండేది.

అంతకు ముందు, 1839లో, కలకత్తాలో ఒషానసీ అనే డాక్టరు గంజాయి టింక్చరు మీద పేపరు ప్రచురించాడు. ఆయన చూసిన రోగుల్లో మూర్ఛలతో కొట్టుకుంటున్న పసిపాప ఒకటి. ఆ మందుతో కుదుటపడిందని రాశాడు. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ ఎపిడియోలెక్స్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. గంజాయి నుంచి తీసినదే. దేనికి? పసిపిల్లల్లో వచ్చే మొండి మూర్ఛలకు. మొదట్లో దాని ధర ఏడాదికి సుమారు 32,500 డాలర్లు. తయారుచేసిన బ్రిటిష్ కంపెనీ జీడబ్ల్యూ ఫార్మా 2021లో 720 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ కంపెనీ మొదలైనప్పుడు దానికి మొక్కలిచ్చింది నెదర్లాండ్స్‌లోని ఒక సేకరణ. లోకం నలుమూలల నాటు గింజలను ఓపిగ్గా పోగేసుకున్న సేకరణ. వాళ్ళు పోగేస్తున్న రోజుల్లోనే, 1985లో, మనం చట్టం చేసుకుని అగ్గిపెట్టె కొనుక్కున్నాం.

2015 ఆగస్టులో అమెరికాలో బయోటెక్ ఇన్‌స్టిట్యూట్ అనే కంపెనీకి గంజాయి మొక్కల మీదే పేటెంటు వచ్చింది. పసుపు మీద, బాస్మతి మీద పేటెంట్లు వచ్చినప్పుడు మనవాళ్ళు కాగితాలు పట్టుకుని పోయి కొట్లాడారు, 'ఇది మా అమ్మమ్మకే తెలుసు' అని సాక్ష్యం చూపించారు. గంజాయి మీద అలాంటి తగవొస్తే చూపించడానికి మన దగ్గరేముంది? పంచనామా ఉంది, బూడిద కొలత ఉంది, ఎలుకల వాంగ్మూలం ఉంది.

బస్తర్ ఈ నాటకాన్ని ఇంతకు ముందు వరి విషయంలో చూసింది. డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు 1959 నుంచి డైరెక్టరు. ఫిలిప్పీన్స్ నుంచి పొట్టి వరులను సరైన తనిఖీ లేకుండా దించొద్దు, తెగుళ్ళు కూడా దిగుతాయని అడ్డుపడ్డాడు. 1967లో ఇంటికి పంపారు. ఆయన రాయపూర్ వచ్చి, 1970లలో బస్తర్ అడవుల్లోకీ ఛత్తీస్‌గఢ్ ఊళ్ళలోకీ మనుషులను పంపి 19 వేల దాకా వరి నమూనాలు పోగుచేశాడు. పేర్లు ఆదివాసీలు పెట్టినవే, గుణాలు ఆదివాసీలు చెప్పినవే. ఆయన్ను గంజాయివనంలో తులసిమొక్క అందామనిపిస్తుంది గానీ, ఆనాటి వ్యవసాయశాఖను గంజాయివనంతో పోలిస్తే గంజాయి నొచ్చుకుంటుంది. ప్రపంచ బ్యాంకు డబ్బు వెనకున్న షరతు కోసమే రాయపూర్‌లోని ఆయన సంస్థను మూసేశారని క్లాడ్ ఆల్వారెస్ 1986లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో రాశాడు. 2002లో రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సింజెంటా కంపెనీతో ఒప్పందానికి దిగితే, ఆ గింజల పెట్టె తాళంచెవి పరాయిచేతికి పోతుందని జనం వీధుల్లోకొచ్చారు. కంపెనీ తోకముడిచింది.

పెట్టె మిగిలింది కాబట్టే, అదే విశ్వవిద్యాలయం ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి అందులోంచి గఠ్వన్, మహారాజీ, లైచా అనే మూడు రకాలు తీసి, క్యాన్సర్ కణాలను అడ్డుకునే గుణాలు ప్రయోగశాలలో కనబడ్డాయని ప్రకటించింది. కీళ్ళనొప్పులకూ బాలింతలకూ ఆ బియ్యం మంచిదని పల్లెల్లో ముసలమ్మలు ఎప్పుడో చెప్పినవే అవి. వరికి గడ్డిపొట్టి తెగులు పట్టుకున్నప్పుడు ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థ 6 వేలకు పైగా నమూనాలు వెతికితే, తట్టుకునే గుణం దొరికింది ఉత్తరప్రదేశ్‌లో పెరిగే ఒకే ఒక్క అడవివరి నమూనాలో. కలుపని ఎవరో పీకి పారేసి ఉంటే ఆసియా అన్నం గిన్నె ఏమయ్యేదో!

వరి విత్తనం దాచిన రైతుకు ఢిల్లీలో 'జీనోమ్ సేవియర్' అవార్డిస్తారు, శాలువా కప్పుతారు. గంజాయి విత్తనం అదే శ్రద్ధతో విత్తుకుంటూ కాపాడినవాడికి పదేళ్ళ దాకా శిక్ష, కప్పడానికి ముఖం మీద నల్లగుడ్డ. ప్రతి పంచాయతీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాసుకోవాలని 2002 చట్టం. మల్కన్‌గిరిలోనో మన్యంలోనో ఒక సర్పంచి నిజాయితీగా అందులో ఈ మొక్క పేరు రాస్తే, దాన్ని చూడ్డానికి జీవవైవిధ్య బోర్డు కన్నా ముందు ఎక్సైజు జీపు వస్తుంది.

'అయితే ఊరూరా గంజాయి దుకాణం పెట్టమంటావా?' అని అడిగే పెద్దమనిషి ఈపాటికి లేచి నిలబడి ఉంటాడు. కూర్చోండి సార్. దుకాణం పెట్టే పని ఉత్తరప్రదేశ్ ఎప్పుడో చేసింది, నా సలహా వాళ్ళకు అక్కర్లేదు. కాలేజీ కుర్రాళ్ళు దీనితో పాడవుతున్న మాట నిజం, వాళ్ళను పాడుచేసే వ్యాపారిని పట్టుకోవద్దని ఎవరన్నారు? నేనడుగుతున్నది తాగే హక్కు కాదు, దాచే బుద్ధి. తూర్పు కనుమల్లో ఇప్పుడున్నదంతా స్వచ్ఛమైన నాటు రకమేనని కూడా నేననను. వ్యాపారులు ఎక్కడెక్కడి గింజలో తెచ్చి కలిపేశారు. కానీ ఏది పాతది, ఏది కలగలుపు అని తేల్చడానికైనా గింజ మిగలాలి కదా. మొరాకోలో కూడా విదేశీ సంకరాలు వచ్చి వాళ్ళ పాత బెల్దియా రకాన్ని తొక్కేశాయి. వాళ్ళు 2021లో చట్టం మార్చి, ఇప్పుడు ఆ బెల్దియానే లైసెన్సిచ్చి పండిస్తున్నారు. ఉత్తరాఖండ్ సంగతే చూడండి. లైసెన్సు పొందిన మొక్కలో మత్తు పదార్థం 0.3 శాతం దాటకూడదు. హిమాలయాల్లో తనంతట పెరిగేవి చాలావరకు ఆ గీత దాటుతాయి. గీత లోపలుండే దేశీ రకాన్ని తయారుచెయ్యాలంటే వందల నాటు రకాలు ముందేసుకుని ఏరాలి. ఏరడానికి బూడిదలో ఏముంటుంది?

ఇంకో వింత. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘంలో, గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పట్టిక నుంచి తీసేయాలా వద్దా అని ఓటింగు పెట్టారు. 27-25తో తీసేశారు. ఆ 27లో మనమున్నాం. వియన్నాలో చెయ్యెత్తి మొక్కను కాపాడినవాళ్ళం, ఏడాది తిరక్కుండానే మన్యంలో కత్తెత్తాం. 2021 నవంబరులో ఆహార భద్రతా సంస్థ హెంప్ గింజను ఆహారంగా గుర్తించింది. ఇప్పుడు జూబ్లీహిల్స్ జిమ్‌లో కుర్రాడు దాన్ని పొడిచేసుకుని ప్రొటీనని మింగొచ్చు. బస్తర్ కొండమీద అదే జాతి గింజ జారి నేలమీద పడి వాన కురిసిందంటే మాత్రం నేరస్థలం.

కలెక్టరుగారూ, ఎస్పీగారూ, మంట మానేయమని అడగడం లేదు, ఆ ఫోటో లేకుండా మీకు పూటగడవదని తెలుసు. అగ్గిపుల్ల గీసేముందు ఒక్కో చేలోంచి గుప్పెడు గింజలు తీయించండి. కవరు మీద ఊరిపేరు, కొండ ఎత్తు, కోసిన తేదీ రాయించండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, జగదల్‌పూర్ నుంచి ఒక్క రాత్రి ప్రయాణం, పంపించండి. ఆ గింజలను మళ్ళీ మొలిపించి చూడాల్సి వస్తే అనుమతి ఇచ్చే అధికారం మత్తుపదార్థాల చట్టం 14వ సెక్షను ప్రభుత్వానికి 1985లోనే ఇచ్చింది. గింజ గంజాయి కాదని ఆ చట్టమే అంటోంది కాబట్టి, కవరు మోసుకెళ్ళే కానిస్టేబుల్ మీద కేసు పెట్టాల్సిన పని కూడా పడదు.